ఆరు కార్బన్ల సంతకం

"వెళ్ళేవాడివి వట్టికాళ్ళతోనే వెళ్ళు నాయనా. బూట్లు మాత్రం ఇవ్వను."

ఫరంగీస్ చెప్పుల బీరువాకి వీపు ఆనించి గుమ్మంలోనే చతికిలబడింది. తాళంచెవి ఆవిడ పిడికిట్లో ఉంది. ఎదురుగా అల్లుడు కియుమర్స్ తోలు సంచి పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళకి మేజోళ్ళు తప్ప ఏమీ లేవు. వీధిలో టాక్సీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

"అత్తయ్యా, టాక్సీ కాచుకుని ఉంది."

"ఉండనీ. వాడికి టీ పంపిస్తాను."

"తబ్రీజ్‌లో మా అక్క కూడా కాచుకుని ఉంది."

"మీ అక్కతో నేను మాట్లాడతాను. అల్లుణ్ణి బూట్లు లేకుండా పంపిస్తే తెహ్రాన్ వాళ్ళ పరువేం కాను అంటాను. ఆవిడే నిన్ను రావద్దంటుంది చూడు."

మేడమెట్ల మీద నిలబడి తహ్మినే ఇదంతా చూస్తోంది. భర్త సంచి సర్దుకుంటున్నప్పుడు చూసింది. మెట్లు దిగుతున్నప్పుడు చూసింది. ఆగమని ఒక్క మాట అనలేదు. నోరు విప్పితే ఆ మాట వెనకే ఇంకో మాట కూడా జారి పడుతుందని భయం. నౌరోజ్ పండగ వెళ్ళినప్పటి నుంచీ ఆ ఇంకో మాట గొంతులో చేపముల్లులా ఉంది.

మూసిన తలుపు వెనక నుంచి తండ్రి గొంతు ఖంగుమంది.

"పోనివ్వు ఫరంగీస్! నా అల్లుడని విచారణ సంఘం ముందు నేను తల దించుకోలేను."

"మీరు కంట్లో చుక్కలు వేసుకుని పడుకోండి. కన్ను కోయించుకున్నవాళ్ళు అరవకూడదన్నాడు డాక్టరు" అంది ఫరంగీస్, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.

నిన్నటి విందులో, తమ్ముడి కుటుంబమంతా నేల మీద పరిచిన సుఫ్రా గుడ్డ చుట్టూ కూర్చుని ఉండగా, ప్రొఫెసర్ ఇరజ్ ముస్తౌఫీ అల్లుడి ముఖం మీదే అనేశాడు. "నా ఇంట్లో అన్నం తిని, నా ల్యాబులో అంకెలు వండావు." కుంకుమపువ్వు అన్నం గరిటెలోనే ఆగిపోయింది. మరదలు పిల్లల్ని లేపి చేతులు కడిగించే నెపంతో లోపలికి తీసుకుపోయింది. కియుమర్స్ మాత్రం పళ్ళెంలో ఉన్నదంతా తిని, మామగారికి కృతజ్ఞత చెప్పి మరీ లేచాడు. ఆ మర్యాదే అందరికీ చెంపదెబ్బలా తగిలింది.

ఆ అంకెల వల్లే కదా పోయిన శరత్కాలంలో ఈ ఇల్లు పూలగుత్తులతో నిండింది! కియుమర్స్ ఇనుము చుట్టూ అణువులతో ఒక పంజరం కట్టాడు. ఆ ఇనుప సంశ్లిష్టాన్ని ప్రెషర్ పాత్రలో వేసి ఇథిలీన్ వాయువు ఎక్కిస్తే, మూడు ఇథిలీన్లు ఒకదానికొకటి అతుక్కుని ఆరు కార్బన్ల హెక్సీన్‌గా బయటికొచ్చేవి. ప్లాస్టిక్ సంచి చిరగకుండా సాగాలంటే కావలసిన సరుకు అది. బయటి నుంచి తెచ్చుకుందామంటే ఆంక్షలు. దాన్ని ఇక్కడే, తుప్పుపట్టే ఇనుముతో చేశాడంటే దక్షిణాన అసలూయె ఊరి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ పెద్దలు విమానం ఎక్కి వచ్చారు.

నౌరోజ్ సెలవుల తరవాత వాళ్ళ కళ్ళముందు చేసి చూపించబోతే పాత్రలో చుక్క పుట్టలేదు. మళ్ళీ చేశాడు. లేదు. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా లేదు.

ఈ సాయంత్రం విచారణ సంఘం ఫోన్ చేస్తుంది. ల్యాబు పెద్దగా ఇరజ్ ఒక్క మాట చెప్పాలి: అవి జరిగిన ప్రయోగాలా, కల్పించిన అంకెలా? కల్పించినవి అంటే కియుమర్స్ ఇక ఈ దేశంలో ఏ విద్యాలయం గడపా తొక్కలేడు. ఆ మాటే చెప్పబోతున్నానని ఇరజ్ నిన్న అందరూ వింటుండగా చెప్పేశాడు.

"పోతూ పోతూ నా గ్లాసు కూడా సంచిలో వేసుకున్నావేమో విప్పు!" అంది ఫరంగీస్ హఠాత్తుగా. "వంటింట్లో జంటలో ఒకటి కనపడటం లేదు. మందపాటిది. తహ్మినే పండగ ముందు ల్యాబు నుంచి తెచ్చిందే, అది."

కియుమర్స్ ఒక్క క్షణం తడబడ్డాడు. "అది నేనే తీశాను అత్తయ్యా."

"చూశావా! ఆ ఒక్క నేరమూ ఒప్పుకున్నావు. మిగతావి నువ్వు చెయ్యలేదని అప్పుడే అనుకున్నాను" అంటూ ఆవిడ తాళంచెవి రవికలోకి తోసేసింది. "ఇప్పుడు పైకి పో. నీకిష్టమని ఆకుకూర మాంసం పొయ్యి మీద పెట్టాను. అది ఉడికేదాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు."

టాక్సీ వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

మేడమీద గదిలో కియుమర్స్ సంచి మంచం మీద పెట్టాడు. విప్పలేదు. తహ్మినే తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడింది.

"నేనొకటి చెప్పాలి."

"చెప్పు."

"నీ ప్రయోగాలు చెడింది నా వల్లే."

అతను తలెత్తాడు. ఆమె అతని వైపు చూడకుండా, కిటికీ అవతల మల్బరీ చెట్టు వైపు చూస్తూ గబగబా చెప్పేసింది. తండ్రి ల్యాబులోనే అతను ఇనుము మీద, ఆమె నికెల్ మీద పని చేస్తారు; అక్కడ ఎవరి పాత్ర వాళ్ళదే. చేపలు వండిన గిన్నెలో పాలు కాచరు. ఇనుము పాత్రకి నీలం పట్టీ, నికెల్ పాత్రకి పచ్చ పట్టీ. పోయిన శరత్తులో ఆమె నికెల్ పాత్ర మూత దగ్గర కారుతుంటే, ఒక శుక్రవారం ఎవరూ లేనప్పుడు నీలం పట్టీ పాత్రలో తన నికెల్ వేసి నడిపింది. కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది. ఆ తరవాత కొద్దిరోజులకే కియుమర్స్ పాత్రలో అద్భుతం మొదలైంది.

"పండగ ముందు ఇల్లు దులిపినట్టే ల్యాబునీ దులిపాను కదా. నీ పాత్ర లోపల మార్చి మార్చి పెట్టే పాత గాజు గ్లాసులు రెండూ తీసి ఇంటికి తెచ్చి, కొత్తవి పెట్టించాను. ఆ పాతవాటితోబాటే నా నికెల్ వెళ్ళిపోయింది. నీ హెక్సీనూ వెళ్ళిపోయింది. నీ ఇనుము ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు కియుమర్స్. నా మురికి చేసింది."

కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది. తిడతాడనుకుంది. అతను వింతగా నవ్వుతున్నాడు.

"నీ నికెల్ ఎక్కడ ఆగుతుంది తహ్మినే?"

"అంటే?"

"ఇథిలీన్లని అతుకుతూ అతుకుతూ ఎక్కడ ఆగుతుంది? ఇన్నేళ్ళుగా దానితో కాపురం చేస్తున్నావు."

"నాలుగు కార్బన్ల దగ్గర."

"నాకొచ్చింది?"

"ఆరు."

అన్నాక ఆ మాట ఆమెకే వినిపించింది. మొదటి ఏడాది పిల్లల్ని అడిగినా చెప్పే సంగతి. దొంగ వేలిముద్ర వదిలినట్టు, ప్రతి లోహమూ తను చేసిన సరుకులో తన సంతకం వదిలి వెళ్తుంది. నికెల్‌కి ఆరు చేతకాదు. తప్పు తనదేనన్న దిగులు చెవుల్లో అంత హోరు పెడుతుంటే, ఆ చిన్న ప్రశ్న ఆమె ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"మీ అమ్మ గ్లాసు నేను ఎత్తుకెళ్ళింది అందుకే. పాత గ్లాసు పెట్టి, ఇనుము వెయ్యకుండా నడిపాను. పంజరం ఒక్కటే వేశాను, ఖాళీగా."

"వచ్చిందా?"

"వచ్చింది. ఆరు." అతను మంచం అంచున కూలబడ్డాడు. "నువ్వన్నదాంట్లో సగం నిజం. ఇనుము ఏమీ చెయ్యలేదు. నేను అబద్ధమాడలేదు, కానీ నేను ప్రపంచానికి చెప్పినదీ నిజం కాదు. ఆ గ్లాసులో ఉన్న ఇంకో లోహం వచ్చి నా పంజరంలో కూర్చుంది. గీకి యంత్రంలో పెట్టి చూశాను. క్రోమియం."

"క్రోమియమా? మన ల్యాబులో క్రోమియం ఎవరు ముట్టుకుంటారు? గోడమీద మా బాబా సంతకంతో నిషేధమే అంటించి ఉంటే!"

కియుమర్స్ లేచి సంచి పట్టీ బిగించసాగాడు. అది ముందే బిగించి ఉంది.

"నీకు తెలుసు" అందామె.

"తెలీదు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"తహ్మినే, వెతక్కు. అడుగుతున్నాను. నేను తబ్రీజ్ వెళ్ళి బళ్ళో పాఠాలు చెప్పుకుంటాను. కొంతమందికి పేరు పోతే ఇంకోటి సంపాదించుకునే వయసు ఉంటుంది. కొంతమందికి ఉండదు."

ఎంత అడిగినా ఇంకొక్క ముక్క రాలలేదు.

వంటింట్లో మెంతాకు, ఎండు నిమ్మకాయల వాసన. ఫరంగీస్ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద ఇరజ్ చొక్కాలు. కిటికీ గట్టు మీద ఆ జంటలో మిగిలిన గాజు గ్లాసు, నిండా చెక్క గరిటెలు. నౌరోజ్‌కి అందులో పూచిన సంబుల్ పువ్వు ఎప్పుడో వాడిపోయింది.

"పైన రాజీ అయిందా?" అంది తల్లి.

"లేదు మామాన్."

"అవుతుంది. మీ బాబాకి ఆ పిల్లాడంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఇంత కోపం. పరాయివాడైతే ఒక కాయితం రాసి పడేసి నిద్రపోయేవాడు. నిన్న ఆ మాట అని వచ్చి, పక్క మీద కూర్చుని ఏడ్చాడు. కంటికి కట్టిన గుడ్డ తడిస్తే నేనే మార్చాను."

తహ్మినే ఒక చొక్కా తీసి మడత పెట్టింది. ఇంకోటి తీసింది.

"ఆ ఆపరేషన్ల వల్ల ఒక్క మేలు జరిగింది చూడు" అంది ఫరంగీస్ చొక్కా చేతుల మీద నీళ్ళు చిలకరిస్తూ. "పండగ ముందు ఒక కన్ను, పండగయ్యాక ఒక కన్ను. అప్పట్నించీ ఒక్క చొక్కా పాడవలేదు. లేకపోతే ఏ వారానికావారం ముంజేతుల దగ్గర చిల్లులే. ఆ చిల్లుల చుట్టూ కమలాపండు రంగు మరకలు. కుట్టి కుట్టి నా వేళ్ళు అరిగిపోయాయి."

తహ్మినే చేతిలో చొక్కా ఆగిపోయింది.

"ఏ చిల్లులు?"

"అవే. గురువారం గురువారం వెళ్ళి తెచ్చుకునేవి."

"గురువారం సెలవు కదా. బాబా నడకకి వెళ్తారు కదా!"

"నడకేమిటి నీ మొహం!" ఫరంగీస్ నాలిక్కరుచుకుంది. కానీ మనసులో దాచడం ఆవిడకి ఏనాడూ చేతకాలేదు. "చెబితే నువ్వు తిడతావని నాతో ఒట్టు వేయించుకున్నాడు. సెలవురోజు ల్యాబుకి వెళ్ళి కియుమర్స్ గ్లాసులు కడిగి వస్తాడమ్మా. 'పిల్లాడు పెద్ద పనిలో ఉన్నాడు ఫరంగీస్, వాడి గ్లాసులు ఆ కొత్తరకం సబ్బునీళ్ళతో కడిగితే కడిగినట్టా? గాజు తళతళలాడాలి' అని. మామగారు అల్లుడి ఎంగిలి గిన్నెలు కడగడం ఎక్కడైనా ఉందా? నాకు ముచ్చటేసి ఊరుకున్నాను."

కమలాపండు రంగు మరకలు.

చిన్నప్పుడు తండ్రి ల్యాబులో అద్దాల బీరువా వెనక చూసిన సీసా తహ్మినేకి గుర్తొచ్చింది. రక్తంలాంటి ఎర్ర ద్రావకం. 'దగ్గరికి రాకు, అది పులి' అనేవాడు. అది తాకిన గాజు మీద మురికి బతకదు. పాతకాలపు రసాయనవేత్తలకి అదే గంగ, అదే మక్కా జమ్‌జమ్ నీరు. విషమని అన్నిచోట్లా ఆపేశారు. తమ ల్యాబులో ఆపించింది ఇరజ్ ముస్తౌఫీయే. ఆపించి, ఆ పులిని తనొక్కడే చాటుగా పెంచుకున్నాడు. అది మురికిని చంపుతుందే కానీ, తనే మురికి అవుతుందని ఆయనకి ఏనాడూ తోచి ఉండదు.

అది క్రోమియం ఆమ్లం. కంటికి కనపడని పొరగా గాజుని పట్టుకుంటుంది. నీళ్ళతో ఎంత కడిగినా పూర్తిగా వదలదు. వారం వారం తండ్రి ప్రేమగా తోమి పెట్టిన గ్లాసు నుంచి అది కియుమర్స్ పంజరంలోకి నడిచి వెళ్ళింది. ఇప్పుడు కొత్త గ్లాసులకి ఆ పులి స్నానం చేయించేవాడు కంటికి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు.

"ఏమైందే? అలా తెల్లబోయావు?"

"ఏం లేదు మామాన్. బాబాకి చుక్కలు వెయ్యాలి."

ఇరజ్ గదిలో పరదాలు దించి ఉన్నాయి. దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల మీద ఫోను. తెల్లటి గడ్డం చక్కగా దువ్వుకుని, ఇంట్లోనే కోటు తొడుక్కున్నాడు. సంఘంతో మాట్లాడేది ఫోనులోనే అయినా ఆయన పద్ధతి ఆయనది.

"బతిమాలడానికి వచ్చావా?"

"చుక్కలు వెయ్యడానికి వచ్చాను. తల వెనక్కి వాల్చండి."

"ఇల్లు వేరు, ల్యాబు వేరు తల్లీ. వాడు వేరే ఏ తప్పు చేసినా కడుపులో పెట్టుకునేవాణ్ణి. అంకెలు కల్పించాడంటే..." దువ్విన గడ్డాన్నే మళ్ళీ సవరించుకున్నాడు. "కొడుకు లేడని నేనెప్పుడూ అనుకోలేదు. వాడు వచ్చాక అసలే అనుకోలేదు."

"కల్పించలేదు బాబా. అవి నిజంగా జరిగిన ప్రయోగాలే. పాత గ్లాసు పెట్టి మళ్ళీ చేశాడు, వచ్చింది. ఇనుము లేకపోయినా వచ్చింది. గ్లాసులో వేరే లోహం ఉంది."

ఆమె కంటి మీది గుడ్డ తీసింది. చుక్క కంట్లో పడింది. ఆయన రెప్ప వేయడం మరిచిపోయాడు. తరవాత ముఖమంతా వెలిగింది. కోపం, ఉపశమనం రెండూ ఒక్కసారే వచ్చాయి.

"మురికి! అయితే మురికి! నేనేం చెప్తాను ఎప్పుడూ? లోహం కన్నా కడగడం ముఖ్యం అని చెప్పనా? ఎవడో వెధవ చేతులు వణుక్కుంటూ కడిగాడు, నా అల్లుడి పేరు మట్టిలో కలిసింది!" లేచి కూర్చున్నాడు. "ఎవడు? పేరు చెప్పు. ఆ పేరే సంఘానికి చెప్తాను. కియుమర్స్ బయటపడతాడు."

తహ్మినే సీసా మూత తిప్పుతూ నిలబడింది. సులువైన దారి ఒకటి కళ్ళముందు కనపడింది. ఇన్నాళ్ళూ నిజమని నమ్మి మోసిన బరువే కదా, ఇంకొంత దూరం మోస్తే?

"నేనే బాబా. ఒకసారి ఆ పాత్రలో నా నికెల్ నడిపాను."

ఆయన నొసలు ముడిపడింది. క్షణం కూడా పట్టలేదు.

"నికెల్ ఆరు చెయ్యదు. ఎవణ్ణి కాపాడటానికి ఈ అబద్ధం? ఆరు చెయ్యాలంటే క్రోమియం ఉండాలి. నా ల్యాబులోకి క్రోమియం తెచ్చిందెవడు? నా సంతకం ఉన్న కాయితం కింద నిలబడి, నా కళ్ళు గప్పి..."

ఫోన్ మోగింది.

"వద్దు బాబా, ఇప్పుడే ఎత్తకండి. ముందు నా మాట వినండి."

"దాచడానికేముంది?" ఆయన తడుముకుని ఫోను తీశాడు. మసకగా ఉన్న కంటితో చూసుకుంటూ, స్పీకరు మీట నొక్కాడు. అవతల సంఘం అధ్యక్షుడి గొంతు కుశల ప్రశ్నలు మొదలుపెట్టింది. మీ నీడ మా మీద చల్లగా ఉండాలి, కళ్ళెలా ఉన్నాయి ఉస్తాద్, ఇంట్లో అందరూ క్షేమమేనా అంటూ. ఇరజ్ అన్నిటికీ వరస తప్పకుండా జవాబులు చెప్పి, గొంతు సవరించుకున్నాడు.

"కియుమర్స్ నిర్దోషి. రాసుకోండి. నిన్నటిదాకా నేను పొరబడ్డాను, నలుగురి ముందు అతన్ని అవమానించాను. నలుగురి ముందే క్షమాపణ అడుగుతాను. గ్లాసులు కడిగినవాడిది తప్పు. నిషేధించిన క్రోమియం గ్లాసులకి అంటించి, ఎవరికీ చెప్పలేదు. అలాంటివాడికి నా ల్యాబులో చోటులేదు. మీరు కూడా జాలిపడొద్దు."

"పేరు, ఉస్తాద్?"

"మా అమ్మాయి చెప్తుంది. ఇక్కడే ఉంది."

గుమ్మంలో నీడ కదిలింది. కియుమర్స్. ఎప్పుడు దిగి వచ్చాడో, మేజోళ్ళ కాళ్ళతో చప్పుడు కాలేదు. తహ్మినే వైపు చూస్తూ వద్దని తల ఊపాడు. వెనకే ఫరంగీస్, చేతిలో అతని బూట్లు.

"ఫోను పెట్టెయ్యండి బాబా" అంది తహ్మినే. "మనం మనం మాట్లాడుకుందాం."

"నేను మీకేం నేర్పాను? జరిగింది జరిగినట్టు, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాలి. నీ మొగుడి బతుకు నీ నోట్లో ఉంది. చెప్పు."

ఆమె తండ్రి ముంజేయి పట్టుకుంది. కోటు చేతి కిందనుంచి చొక్కా అంచు బయటికొచ్చి ఉంది. పాత చొక్కా. తల్లి కుట్టిన చిన్న చిన్న మాసికలు వరసగా చేతికి తగిలాయి. ఆ మాసికల మీద బొటనవేలితో ఒక్కసారి నిమిరింది.

ఆ వేలు ఎక్కడ ఆగిందో ఇరజ్‌కి తెలిసింది. ఆయన చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుపోయింది. తడి కళ్ళు రెండూ నెమ్మదిగా గుమ్మం వైపు, వట్టికాళ్ళతో నిలబడ్డ అల్లుడి వైపు తిరిగాయి.  

"అమ్మా?" అంది ఫోనులో గొంతు. "పేరు చెబుతారా?"

బళ్ళో చేరిన మొదటి రోజు టీచరు అడిగితే చెప్పినట్టు, ఇంటిపేరుతో సహా, తడబడకుండా చెప్పింది తహ్మినే.

"ఇరజ్ ముస్తౌఫీ."